తలుపు పోయి గడియారం వచ్చె!

‘గడియ’ అనే మాటకి మన తెలుగులో రెండు అర్థాలున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు తలుపుకి వేసేదీ గడియే, పెళ్ళి ముహూర్తానికి పంతులుగారు లెక్కగట్టేదీ గడియే. రెండో గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నటి చిల్లున్న గిన్నెని నీళ్ళ మీద వదిలితే అది నెమ్మదిగా నిండి మునగటానికి పట్టే సమయాన్ని మన పెద్దలు గడియ అన్నారు. అలాంటివి 60 అయితే ఒక పగలూ, ఒక రాత్రీ. ఏడున్నర గడియలైతే ఒక జాము. మన గోడ మీది గడియారానికి ఆ పేరు ఆ గడియలోంచే వచ్చింది.

ఈ రెండు గడియల్నీ ఒకే చోట కలిపే పని ఒకటుంది. పడగొట్టిన ఇంటి తలుపు చెక్క ఒకటి సంపాదించి, దానికి గడియారం మెషిన్ బిగించి గోడకి తగిలించటం! ఖర్చు తక్కువ, చూసినవాళ్ళంతా ‘ఎక్కడ కొన్నారండీ?’ అని అడక్కుండా ఉండరు. అన్నిటికన్నా ముఖ్యంగా, చెత్తలో కలిసిపోవలసిన ఒక మంచి చెక్క మరో తరం పాటు మన కళ్ళ ముందు ఉంటుంది.

దీనికి కావలసిన చెక్క కోసం, పనిలో పనిగా గొప్ప గొప్ప గడియారాల్ని చూడటం కోసం, హైదరాబాద్ పాతబస్తీలో ఒక రోజు తిరిగొద్దాం రండి. సెలవులకి హైదరాబాద్ వచ్చేవాళ్ళు ఈ దారి గుర్తు పెట్టుకోండి.

పన్నెండు కొట్టే వేళకి సాలార్‌జంగ్‌లో

ప్రయాణం గురువారం పెట్టుకోండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. శుక్రవారం మాత్రం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కీ ఆ రోజే సెలవు.

మెట్రో రైల్లో వచ్చేవాళ్ళు ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో దిగి, మూసీ దాటి ఆటోలో కొద్ది దూరం వెళితే మ్యూజియం వచ్చేస్తుంది. పన్నెండుకి ఓ పావుగంట ముందే లోపలికి వెళ్ళి, ‘మ్యూజికల్ క్లాక్ ఎక్కడ?’ అని అడగండి. అక్కడ మీకన్నా ముందే జనం కూర్చుని ఉంటారు. పిల్లలు ముందు వరసలో, తల్లులు వెనక, అందరి చూపూ ఆ గడియారం మీదే.

ఇది 19వ శతాబ్దంలో ఇంగ్లండులో తయారైనది. కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా సాలార్‌జంగ్‌ల ఇంటికి చేరింది. లోపల 350కి పైగా విడిభాగాలున్నాయంటారు. ఒక పక్క చిన్న కమ్మరి బొమ్మ సుత్తితో సెకండ్లు కొడుతూ ఉంటుంది. గంట కావస్తుండగా పైన తలుపు తెరుచుకుని, గడ్డం ఉన్న చిన్న బొమ్మ మనిషి బయటికి వస్తాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి, మళ్ళీ తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోతాడు. పన్నెండుకి వెళ్ళమన్నది అందుకే. ఒంటిగంటకి వెళితే పాపం ఒక్కసారే కొడతాడు! పన్నెండు దెబ్బలూ అయ్యాక పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దవాళ్ళు కూడా కొడతారనుకోండి.

మ్యూజియంలో గడియారాల కోసమే వేరే గది కూడా ఉంది. దేశదేశాల గడియారాలు అక్కడ వరసగా ఉంటాయి. వాటిని చూసేటప్పుడు ఒక్క సంగతి గమనించండి. మెషిన్ ఎంత గొప్పదైనా, దానికి ఒక ఇల్లు కావాలి. చాలా గడియారాలకి ఆ ఇల్లు చెక్కతోనే కట్టారు. మనం చెయ్యబోయేదీ అదే.

చార్మినార్ నుంచి మహబూబ్ చౌక్ దాకా

మ్యూజియం నుంచి చార్మినార్‌కి ఆటోలో వెళ్ళొచ్చు, ఓపికుంటే నడవొచ్చు. 1591లో కట్టిన చార్మినార్‌కి నాలుగు పక్కలా గడియారాలున్నాయి కదా, అవి మాత్రం దానితోపాటు పుట్టినవి కావు. దాదాపు మూడువందల ఏళ్ళ తరవాత, 1889లో పెట్టారు. రోజూ చూసే ఊరివాళ్ళలో కూడా చాలామంది తల ఎత్తి చూడని సంగతి ఇది.

అక్కడి నుంచి లాడ్ బజార్‌లోకి తిరిగితే రెండు పక్కలా గాజులే గాజులు. ఇక్కడి లక్క గాజులకి 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. కొలిమి మీద లక్కని మెత్తబరచి, వంచి, అద్దాలూ రాళ్ళూ అద్దుతూ ఉంటారు. గడియారం మీద అంకెల బదులు అతికించుకోవటానికి చిన్న చిన్న రంగురాళ్ళు కావాలంటే ఇక్కడే ఒక పొట్లం తీసుకోండి. రేట్ల విషయంలో మీ ఓపిక కొద్దీ బేరం!

గాజుల వరస దాటేసరికి ఎదురుగా మహబూబ్ చౌక్ గడియార స్తంభం కనబడుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరిట వెలిసిన చౌక్ ఇది. స్తంభాన్ని 1892లో ప్రధానమంత్రి ఆస్మాన్ జా కట్టించాడు. కోళ్ళూ, పక్షులూ అమ్మటం వల్ల జనం నోట్లో ఇది ముర్గీ చౌక్ అయింది. ఇళ్ళల్లో గడియారాలు లేని రోజుల్లో చుట్టుపక్కల బజారంతా ఈ స్తంభాన్ని చూసే టైము తెలుసుకునేది. ఆ దగ్గర్లోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. అక్కడి ద్వారం మీద ఉన్న ఖిల్వత్ గడియారానికి ఇప్పటికీ వారానికోసారి కీ ఇస్తారని చెబుతారు. ఒక కుటుంబంవాళ్ళే తరతరాలుగా ఆ పని చూసుకుంటున్నారట.

తిరిగి వెళ్ళేటప్పుడు వీలైతే మొజంజాహీ మార్కెట్ దగ్గర కూడా ఆగండి. 1935 నాటి ఆ రాతి కట్టడం మీద ఉన్న గడియారాన్ని చూస్తూ పిల్లలకి ఐస్‌క్రీమ్ ఇప్పించండి. ఆ మార్కెట్ పళ్ళ ఐస్‌క్రీమ్‌కి పేరున్న చోటు.

గురువారం సంత

ఇక గురువారమే ఎందుకో చెబుతాను. ఉర్దూలో జుమ్మెరాత్ అంటే గురువారం. పురానాపూల్‌కి దగ్గర్లో ఆ రోజు జరిగే పాతసామాన్ల సంత పేరు జుమ్మెరాత్ బజార్. పురానాపూల్ అంటే మూసీ మీద 1578లో కట్టిన వంతెన, చార్మినార్ కన్నా పదమూడేళ్ళు పెద్దది. సంతలో దొరకని పాత వస్తువంటూ ఉండదు. తాళంచెవి లేని తాళాలు, తాళం లేని చెవులు, ఇత్తడి గంగాళాలు, మూతల్లేని మరచెంబులు, చెడిపోయిన రేడియోలు, కుర్చీలు, అద్దాలు, కిటికీ ఊచలు. పడగొట్టిన ఇళ్ళ నుంచి వచ్చిన తలుపు ముక్కలు, గుమ్మం చెక్కలు కూడా.

నేను మొదటిసారి ఆ సంతకి వెళ్ళింది మా పెద్ద వదినతో. షాలిబండలో మా పుట్టింటిని ఆ నెలే పడగొట్టారు. నేను పుట్టిన ఇల్లే అయినా పెళ్ళయ్యేదాకా పందొమ్మిదేళ్ళే అక్కడ ఉన్నాను. వదిన మాత్రం కొత్తకోడలిగా వచ్చి నలభై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లో వండింది, కడిగింది, ముగ్గేసింది. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేటప్పుడు సంతకాలు అన్నదమ్ములు పెట్టారు. పాత కలప కాంట్రాక్టర్‌కే పోతుందని కాగితంలో ఒక మూల రాసి ఉంది. దాన్ని ఎవరూ వదినకి చదివి వినిపించలేదు.

ఆమె అడిగింది ఒక్కటే, వంటింటి తలుపు. ఆ తలుపు వెనక కత్తిమొనతో గీసిన పాల లెక్క ఉండేది. సగం గీత అంటే అర లీటరు, నిండు గీత అంటే లీటరు. నెల కాగానే వాటి కింద ఒక అడ్డగీత. నాలుగు నెలలకోసారి చాకుతో గీకి మళ్ళీ మొదలు. ఈ సంగతి మా అన్నయ్య కాంట్రాక్టర్‌కి చెప్పేసరికి లారీ వెళ్ళిపోయింది. ‘ఇంకా ఎక్కడుంటదమ్మా, ఎవరో కొనుక్కపోయిండ్రు’ అన్నాడాయన.

‘జుమ్మెరాత్ బజార్ల దొరుకుతదేమో సూద్దాం పా’ అంది వదిన. దొరకదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసనుకుంటాను. అయినా వెళ్ళాం.

దొరకలేదు. ఎన్ని తలుపులు చూశామో! ఒకదాని మీద పసుపు బొట్లు, ఒకదాని మీద సగం చెరిగిన ఓంకారం, ఒకదాని మీద ఉర్దూలో పేరు, ఒకదానికి పిల్లలు అంటించిన సినిమా బొమ్మలు. వదిన ప్రతి తలుపునీ తిప్పి వెనక చూసింది. చివరికి ఒక ముక్క దగ్గర ఆగిపోయింది. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ఉంటుంది. దాని మీద గొళ్ళెం ఊగీ ఊగీ చెక్క అరిగిపోయి, నెలవంకలా ఒక గాడి పడింది. వేసి తీసినప్పుడల్లా గొళ్ళెం కాసేపు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఎన్నేళ్ళు ఊగితే టేకు చెక్క అంత లోతుగా అరుగుతుంది!

వదిన ఆ గాడిలో వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. ‘ఎవలింటిదో గాని, రోజూ రాత్రి గడియ వెట్టి పండుకున్నది నా అసొంటామెనే’ అంది.

అమ్మేవాడు మా వాలకం కనిపెట్టేశాడు. ‘అసలు బర్మా సాగ్వానమ్మా! నూరేండ్లయినా పురుగు వట్టది. ఎనిమిది నూర్లు’ అన్నాడు. ‘నూరేండ్లు నువ్వు జూస్తివా?’ అంది వదిన. అక్కడి నుంచి అరగంట సాగింది. ఆమె రెండుసార్లు వెళ్ళిపోయింది, అతను రెండుసార్లు వెనక్కి పిలిచాడు. మూడొందల యాభైకి ఒప్పుకుని, పైన గొళ్ళెం కూడా ఇచ్చాడు. తాళంచెవి లేని ఒక తాళం కూడా అంటగట్టబోయాడు గానీ మేం తీసుకోలేదు!

చెక్క మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

బజార్లో ప్రతి చెక్కా బర్మా టేకే. మన జాగ్రత్తలో మనం ఉండాలి. ఇవి చూసుకోండి.

• వెనకవైపు లేదా అంచు దగ్గర గోటితోనో తాళంచెవితోనో కొంచెం గీకండి. టేకు అయితే లోపల తేనెరంగు తేలుతుంది, తోలులాంటి ప్రత్యేకమైన వాసన వస్తుంది, ముట్టుకుంటే కొంచెం నూనెజిడ్డు తగులుతుంది.

• గుండుసూది తలంత చిల్లులుండి, తట్టితే సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. అది ఇంట్లోకి వచ్చిందంటే మిగతా సామానుకి కూడా పాకుతుంది. వద్దు.

• వేలితో కొట్టి చూడండి. గట్టిగా ‘టక్’మంటే మంచిది. డొల్ల చప్పుడైతే చెదలు తిన్నట్టు.

• చెక్కని కంటికి ఎదురుగా పెట్టి అంచు వెంట చూడండి. వంకర తిరిగి ఉంటే గోడకి ఆనదు.

• మేకులుంటే భయపడకండి. కానీ రంపం పెట్టేముందు అన్నీ లాగించెయ్యాలి. విరిగిన మేకు చెక్కలో ఉండిపోతే వడ్రంగి రంపం పళ్ళు పోతాయి.

హైదరాబాద్ రాలేనివాళ్ళు బాధపడనక్కరలేదు. పడగొట్టిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ అమ్మే దుకాణాలు ఇంచుమించు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. అంతదాకా ఎందుకు, అటక మీద చూడండి. అమ్మమ్మగారి భోజనం పీట గడియారానికి సరిగ్గా సరిపోయే కొలత! కాళ్ళు తీసేస్తే చాలు. పాత ఉయ్యాల బల్ల ముక్క, మంచం పట్టె, పెట్టె మూత కూడా పనికొస్తాయి.

ముందుగా ఒక హెచ్చరిక

ఇది తప్పకుండా చదవండి. పాత తలుపుల మీది రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్ని అనుమానించాల్సిందే. ఆ పొడి ఊపిరితోనో, చేతుల ద్వారానో లోపలికి పోతే చంటిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకీ మంచిది కాదు.

అందుకని రంగున్న చెక్కని పొడిగా రుద్దకండి. నీళ్ళలో తడిపి వాడే వాటర్ పేపర్ తెచ్చి, చెక్కని తడుపుతూ ఆరుబయట రుద్దండి. ముక్కుకి మంచి మాస్కు కట్టుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మంట పెట్టి రంగు ఊడగొట్టడం అసలే వద్దు. రాలిన రంగుని తడిగుడ్డతో తుడిచి, కవర్లో మూటగట్టి పారెయ్యండి. ఆ గుడ్డని మళ్ళీ వాడకండి. కట్టుకున్న బట్టలు విడిగా ఉతకండి. ఇంత గొడవ పడలేమనుకుంటే, రంగు వెయ్యని చెక్క ఏరుకోవటమే అన్నిటికన్నా సుఖం. మా వదిన కొన్న ముక్కకి అదృష్టవశాత్తూ నూనె తప్ప రంగు లేదు.

కావలసినవి

పాత చెక్క – అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం
క్వార్ట్జ్ గడియారం మెషిన్ – 1
ముళ్ళ సెట్ – 1 (నిమిషాల ముల్లు నాలుగు అంగుళాల లోపు)
పెన్సిల్ బ్యాటరీ – 1
ఎమరీ పేపర్ – 80, 150, 220 నంబర్లు ఒక్కొక్కటి
బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (రంగుల షాపులో అడగండి) – చిన్న సీసా
అంకెల బదులు అతికించటానికి – ఏవైనా 12 చిన్న వస్తువులు
అరాల్డైట్ – చిన్న ప్యాకెట్
వెనక తగిలించే ఇనుప కొక్కెం, స్క్రూలు

మెషిన్, ముళ్ళు వాచీలు బాగుచేసే షాపుల్లో దొరుకుతాయి. సాధారణంగా వందా రెండువందల మధ్యలో వచ్చేస్తాయి. ఇంట్లో పాడైన ప్లాస్టిక్ గడియారం ఉండి, మెషిన్ బాగుంటే అదీ అక్కర్లేదు. దాన్నే విప్పి వాడుకోవచ్చు.

తయారుచేసే విధానం

1. చెక్కని రెండు మూడు రోజులు నీడపట్టున గాలి తగిలేలా ఆరనివ్వండి. తరవాత మేకులు లాగి, పాత టూత్‌బ్రష్షుతో సందుల్లోని మట్టి దులపండి.

2. ముందు 80 నంబరు, తరవాత 150, చివర 220 ఎమరీతో రుద్దండి. ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడి నూనె రాశాక బయటపడతాయి. పాత మచ్చలన్నీ పోయేదాకా రుద్దకండి! మేకు మచ్చ, గొళ్ళెం గాడి, గంధం మరక ఉంటేనే దానికి అందం. నున్నగా కావాలనుకుంటే కొత్త చెక్కే కొనుక్కోవచ్చు కదా.

3. మధ్యభాగం గుర్తించండి. నాలుగు మూలల నుంచి ఎదురెదురుగా దారం లాగితే రెండు దారాలూ కలిసేచోటే నడిమధ్య.

4. ఇక వడ్రంగి పని. మెషిన్ సుమారు రెండుంపావు అంగుళాల చదరం ఉంటుంది. వెనకవైపు మధ్యలో రెండున్నర అంగుళాల చదరంగా, ముప్పావు అంగుళం లోతుగా గుంట తొలిపించండి. అప్పుడు ముందువైపు పావు అంగుళం చెక్క మిగులుతుంది. దాని నడుమ 8 మి.మీ. బెజ్జం పెట్టించండి. మెషిన్ కొనేటప్పుడే దాని మధ్య కాడకి ఉన్న మరల భాగం చూసుకోండి. మిగిలిన చెక్క మందం కన్నా అది నాలుగు మిల్లీమీటర్లయినా ఎక్కువ ఉండాలి, లేకపోతే నట్టు పట్టదు. ఈ ఒక్క కొలత సరిగ్గా ఉంటే మిగతాదంతా అరగంట పని.

5. నూనె పట్టించండి. మెత్తటి నూలుగుడ్డతో లిన్‌సీడ్ ఆయిల్ పల్చగా రాసి, పావుగంట ఆగి మిగిలిందంతా తుడిచెయ్యండి. ఒక రోజు ఆరాక మరోసారి. వంటింట్లో ఉన్న వేరుశనగ నూనో, కొబ్బరి నూనో రాయకండి. అవి ఆరవు, జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పడతాయి. ఇంకో ముఖ్యమైన మాట. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డని ఉండగా చుట్టి మూల పడెయ్యకండి. ఆరేటప్పుడు వేడెక్కి దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. బయట తీగమీద విప్పి ఆరేసి, పూర్తిగా ఆరాకే పారెయ్యండి.

6. పన్నెండు గుర్తులకి లెక్కలు రానక్కరలేదు, ముగ్గు పెట్టే చెయ్యి చాలు. తొమ్మిది అంగుళాల పళ్ళెం కాగితం మీద బోర్లించి గీత గీసి కత్తిరించండి. ఆ గుండ్రటి కాగితాన్ని సగానికి మడవండి. దాన్ని మూడు సమాన భాగాలుగా మడవండి. మళ్ళీ సగానికి మడవండి. విప్పితే పన్నెండు మడతలు! చెక్క మీద నడుమకి నడుమ కలిపి పెట్టి, ఒక్కో మడత చివర పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

7. చుక్కల మీద మీకిష్టమైనవి అతికించండి. చింతపండుతో తోమిన ఇత్తడి మేకులు, గవ్వలు, పాత చొక్కాల గుండీలు, లాడ్ బజార్ రాళ్ళు, ఏవైనా సరే. పాత పావలాలుంటే మరీ బాగుంటాయి. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్న నాణేల చెల్లుబాటు ఆగిపోయింది. బజార్లో చెల్లకపోతేనేం, గోడ మీద చెల్లుతాయి!

8. మెషిన్‌ని వెనక నుంచి గుంటలో పెట్టి, కాడ ముందుకి రానివ్వండి. ముందువైపు వాషరు వేసి నట్టు బిగించండి. అతిగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. మొదట గంటల ముల్లు, దాని మీద నిమిషాల ముల్లు, రెండూ సరిగ్గా పన్నెండు మీద ఉండేలా నొక్కండి. చివర సెకండ్ల ముల్లు. ముళ్ళు ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయో లేదో పక్క నుంచి చూడండి. టైము సరిచేసేటప్పుడు ముళ్ళు పట్టుకుని తిప్పకండి, వెనక చక్రమే తిప్పండి.

9. అడుగు చదరపు అంగుళం మందం టేకు చెక్క సుమారు కిలోన్నర ఉంటుంది. కాబట్టి మెషిన్‌కి ఉన్న ప్లాస్టిక్ కొక్కేనికి ఎప్పుడూ తగిలించకండి. చెక్కకే ఇనుప కొక్కెం స్క్రూలతో బిగించి, గోడకి డ్రిల్లుతో ప్లగ్గు పెట్టించి, స్క్రూకి తగిలించండి.

ఆ చిన్న డబ్బాలో ఏముంది?

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉండే ఆ మెషిన్‌లో ఒక చిన్న క్వార్ట్జ్ పలుకు ఉంటుంది. బ్యాటరీ కరెంటు తగలగానే అది సెకనుకి 32,768 సార్లు అదురుతుంది. ఆ లెక్కని సగం, సగంలో సగం అంటూ పదిహేనుసార్లు తగ్గిస్తే మిగిలేది సరిగ్గా ఒకటి. అదే మనకి వినబడే ‘టిక్’. సాలార్‌జంగ్‌లో 350 భాగాలు చేసే పనిలో టైము చెప్పటం వరకూ ఈ పలుకే చేసేస్తుందన్నమాట. గంట కొట్టే గడ్డం మనిషి మాత్రం ఇందులో లేడు!

మన దేశంలో గోడ గడియారాలంటే గుజరాత్‌లోని మోర్బీ పట్టణానిదే పెద్ద పేరు. అక్కడి కార్ఖానాల్లో ఈ మెషిన్లు బిగించే చేతుల్లో చాలా మటుకు ఆడవాళ్ళవే. మనం ఇంట్లో కూర్చుని ముళ్ళు బిగించటానికి జంకనక్కరలేదు.

పదిలంగా ఉండాలంటే..

• పొయ్యికి ఎదురుగా, ఎండ నేరుగా పడే గోడకి పెట్టకండి. ఆవిరికి మెషిన్ పాడవుతుంది, ఎండకి చెక్క పగులుతుంది.

• బ్యాటరీ అయిపోయాక అలాగే వదిలేస్తే కారి మెషిన్ తినేస్తుంది. ఊరెళ్ళేటప్పుడు తీసి పెట్టండి.

• ఏడాదికోసారి, సంక్రాంతి బూజు దులుపుళ్ళప్పుడు, కొంచెం లిన్‌సీడ్ ఆయిల్ పట్టించి తుడవండి. తడిగుడ్డ పెట్టకండి.

మా వదిన గడియారంలో ఆ గొళ్ళెం గాడి సరిగ్గా నాలుగు నుంచి ఎనిమిది దాకా వచ్చింది. వడ్రంగి దాన్ని లప్పం పెట్టి పూడుస్తానన్నాడు, ఆమె ఒప్పుకోలేదు. కిందనే ఆ గొళ్ళేన్ని కూడా బిగించి, తాళంచెవులు తగిలించుకుంటోంది. మూడో అంతస్తులో వంటింటి బయట గోడ మీద అది నడుస్తోంది. పాలు ఇప్పుడు ప్యాకెట్లలో వస్తాయి కాబట్టి గీతల లెక్క లేదు. కానీ ఉదయం ఆరుకి పాలవాడు బెల్లు కొట్టాడా లేదా అని ఆమె చూసేది ఆ గడియారంలోనే.

మీ ఇల్లో, మీ పుట్టిల్లో పడగొట్టే మాట వచ్చిందనుకోండి. బిల్డర్‌తోనో, కూల్చే కాంట్రాక్టర్‌తోనో కాగితం రాసుకునేటప్పుడే ‘పాత కలప ఎవరిది?’ అని అడగండి. కూల్చే ఖర్చు కింద కలప వాళ్ళకి వదిలెయ్యటం మామూలే గనక, ఎవరూ అడక్కపోతే అది లారీలోకి పోతుంది. మొత్తం మనమే ఉంచుకోలేం, చోటుండదు. ఒక తలుపు, ఒక గడప, ఒక పీట, ఏది కావాలో ముందే ఎంచుకుని, దాని మీద సుద్దముక్కతో మీ పేరు రాసి, ఆ మాట కాగితంలో పెట్టించండి. సంతకం మగవాళ్ళది కావచ్చు. ఆ తలుపుకి గడియ వేసింది మనం కదా!